ఈసీఈ చదివి డిటెక్టర్ల పరిశోధనకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోనే ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి, బ్యాక్‌లాగ్‌లు లేవు. వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్లు. ఈ మధ్య ఒక వర్క్‌షాప్‌లో కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టే డిటెక్టర్ చూసొచ్చింది. అప్పటి నుంచి అలాంటివి తయారుచేసే ఫిజిసిస్ట్ అవుతాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దు అంటోంది. ఫిజిక్స్ డిగ్రీ లేకుండా అది కుదురుతుందా? ఎన్నేళ్లు పడుతుంది? తర్వాత ఉద్యోగం ఎక్కడ? రేడియేషన్ దగ్గర పని ఆడపిల్లకు ప్రమాదం కాదా? నాకు ఇంకో ఆరేళ్ల సర్వీసు ఉంది. బాబు ఇంటర్‌లో ఉన్నాడు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, ఉప్పల్)

జవాబు: నమస్కారం సర్. కుదురుతుంది. ఈసీఈ చదివినంత మాత్రాన మీ అమ్మాయి ఈ దారిలో వెనకబడిపోలేదు. డిటెక్టర్లు తయారుచేసే ల్యాబుల్లో ఎలక్ట్రానిక్స్ చేతికొచ్చిన విద్యార్థికి ఎప్పుడూ పని ఉంటుంది. కానీ దారి చాలా పొడవు. 22 ఏళ్లకు బీటెక్ పూర్తయితే, పర్మనెంట్ ఉద్యోగంలో కుదురుకునేసరికి 32 నుంచి 35 ఏళ్లు రావచ్చు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి.

వీటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఫిజిక్స్ అంటే ఇష్టం ఉండటం వేరు, డిటెక్టర్ తయారుచేసే పని ఇష్టపడటం వేరు. విశ్వం ఎలా పుట్టిందన్న వీడియోలు చూసి మనసు పడిన పిల్లలు నా దగ్గరకు చాలామంది వస్తారు. మీ అమ్మాయి వీడియో చూసి కాదు, పరికరాన్ని చూసి మనసు పడింది. అది మంచి లక్షణమే. అయినా ఆ పరికరం వెనక రోజువారీ పని ఎలా ఉంటుందో మీరిద్దరూ తెలుసుకోవాలి.

ఆమె వర్క్‌షాప్‌లో చూసింది మ్యూఆన్లు అనే అతి సూక్ష్మ కణాలను లెక్కపెట్టే డిటెక్టర్ అయి ఉంటుంది. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు మ్యూఆన్లు పుడతాయి. నేల మీద ప్రతి చదరపు సెంటీమీటరులోనూ నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడుతుంటాయి. అరచెయ్యి చాపితే నిమిషంలో వంద దాకా దాని గుండా దూసుకుపోతాయి, మనకు తెలియదు. వాటిని పట్టడానికి మన దేశంలో ఎక్కువగా పనిచేసిన పరికరాల్లో ఒకటి రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్. ల్యాబుల్లో ఆర్‌పీసీ అంటారు. రెండు గాజు పలకలు, వాటి మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ, అందులో నెమ్మదిగా ప్రవహించే గ్యాస్ మిశ్రమం, పలకల మీద సుమారు 10 వేల వోల్టులు. మ్యూఆన్ దూరినప్పుడు గ్యాస్ అణువుల నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. వోల్టేజి వాటిని పరుగెత్తిస్తుంది. అవి మరిన్నింటిని ఊడగొడతాయి. పలకల బయట అమర్చిన లోహపు పట్టీల మీద మిల్లీవోల్టుల్లో ఒక చిన్న సిగ్నల్ మెరిసి పోతుంది. అది ఏ పట్టీ మీద వచ్చింది, ఏ నానోసెకండులో వచ్చింది అని రాసుకోవడమే పని.

చెప్పడానికి ఒక పేరాలో అయిపోయింది. చేయడానికి నెలలు పడుతుంది. గాజు పలకల అంచులు అతికించాక గ్యాస్ ఎక్కడా లీకు కాకూడదు. వోల్టేజిని ఒక్కసారిగా కాక మెట్టు మెట్టుగా పెంచుతూ లీకేజి కరెంట్ ఎంతో రోజుల తరబడి రాసుకోవాలి. వానాకాలంలో గదిలో తేమ పెరిగితే ఆ కరెంటూ పెరుగుతుంది. కారణం గ్యాసులో ఉందా, గాజులో ఉందా, గాలిలో ఉందా అని ఒక్కొక్కటి పక్కనపెడుతూ వెతకాలి. ఇక నాయిస్ సంగతి. పెళ్లి పందిట్లో బాజాలు మోగుతుండగా ఎవరో చెవిలో చెప్పిన మాట విన్నట్టు, ఫ్యాన్లూ పవర్ సప్లయ్‌లూ పక్క గది మోటారూ చేసే అలజడిలోంచి అసలు సిగ్నల్‌ని వేరు చేయాలి. ఒక ఎర్తింగ్ తీగ సరిగా లేకపోయినా వారాలు పోతాయి. అది దొరికిన రోజు కలిగే సంతోషం కోసమే కొందరు ఈ రంగంలో ఉండిపోతారు. అంత సహనం లేనివాళ్లు రెండో ఏడాదికే విసిగిపోతారు. మార్కులను బట్టి ఇది ముందే చెప్పలేం.

ఎలక్ట్రానిక్స్ ఇక్కడ అసలు పనికి తోడుగా వచ్చేది కాదు, అసలు పనిలో భాగం. ఒకప్పుడు కణాల దారులను ఫొటోలు తీసి, మనుషులు కూర్చుని కళ్లతో చూసి లెక్కపెట్టేవారు. 1968లో జార్జ్ షార్పాక్ సన్నని తీగల వరసలతో మల్టీవైర్ ఛాంబర్ తయారుచేసి, ప్రతి తీగనూ ఎలక్ట్రానిక్స్‌కు కలిపాడు. దానితో ఈ రంగం నడకే మారిపోయింది. 1992లో ఆయనకు నోబెల్ వచ్చింది ఈ డిటెక్టర్‌కే. ఇప్పుడు జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో, కణాలను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ అనే భారీ యంత్రంలో ప్రోటాన్ గుత్తులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురెదురుగా వస్తాయి. అంత డేటాను ఏ కంప్యూటరూ దాచలేదు. సీఎంఎస్ అనే ప్రయోగంలో ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్న మొదటి నిర్ణయం కొన్ని మైక్రోసెకండ్లలో ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు మలచుకోగల చిప్) బోర్డులే తీసుకుంటాయి. ఆ వడపోతతో 4 కోట్లు సుమారు లక్షకు దిగుతాయి. మీ అమ్మాయి ల్యాబ్ పరీక్ష కోసం వెరిలాగ్ (అలాంటి చిప్‌లను రూపొందించే భాష) రాస్తుంటే, అదే భాషలో అక్కడ ఫిజిక్స్ జరుగుతోందని ఆమెకు చెప్పండి. మనవాళ్లూ ఇందులో పనిచేశారు. సెర్న్‌లోని అలిస్ ప్రయోగం కోసం కోల్‌కతాలోని సాహా ఇన్‌స్టిట్యూట్‌లో మానస్ అనే చిప్‌కు రూపమిచ్చారు. దాన్ని మన దేశంలోనే తయారుచేశారు.

మీరు ఉప్పల్‌లో ఉంటున్నారు కాబట్టి ఒక మాట. మీకు దగ్గర్లోని ఏఎస్ రావు నగర్‌కు ఎవరి పేరు పెట్టారో మీ అమ్మాయికి తెలుసో లేదో అడగండి. పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు బెనారస్‌లో ఎమ్మెస్సీ చేసి, స్టాన్‌ఫోర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, హోమీ భాభాతో కలిసి పనిచేశారు. 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు ప్రాణం పోసింది ఆయనే. సైన్సుకూ ఇంజినీరింగ్‌కూ మధ్య అటూ ఇటూ నడిచిన మనిషి పేరే ఆ కాలనీకి ఉంది. అదే ఈసీఐఎల్ సాయంతో బార్క్ (ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం) లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,300 మీటర్ల ఎత్తున, మేస్ అనే గామా కిరణాల టెలిస్కోప్ నిర్మించింది. అద్దం వ్యాసం 21 మీటర్లు. దాని కెమెరాలో అతి మసక వెలుగును కూడా పట్టే 1,088 ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు ఉన్నాయి. 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఈ రంగం మనకు దూరపు చుట్టం కాదు సర్.

ఇప్పుడు దారుల సంగతి. డిటెక్టర్ల దగ్గరకు రెండు దారుల్లో చేరవచ్చు. ఈ రెండూ వేరు వేరు అని పిల్లలు గమనించరు.

ఒకటి, ఇంజినీరుగా వెళ్లడం. బార్క్ ట్రైనింగ్ స్కూల్ బీటెక్ వారిని గేట్ స్కోరుతో ఇంటర్వ్యూకు పిలుస్తుంది. ఒక ఏడాది శిక్షణ, ఆ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్ ఉద్యోగం. మొదటి బేసిక్ 56,100 రూపాయలు, పైన డీఏ వగైరా. జనరల్ అభ్యర్థులకు వయసు పరిమితి 26 ఏళ్లు, అది మనసులో ఉంచుకోండి. 24 ఏళ్లకల్లా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. కానీ ఏ విభాగంలో వేస్తారో ముందే చెప్పలేం. డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ రావచ్చు, రియాక్టర్ కంట్రోల్ పనీ రావచ్చు.

రెండోది, ఆమె అంటున్నట్టు ఫిజిసిస్ట్‌గా వెళ్లడం. దీనికి పీహెచ్‌డీ తప్పదు. ఐఐటీ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో ఫిజిక్స్ పేపర్ రాసి రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి, ఆపైన పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. లేదా నేరుగా ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో చేరవచ్చు. ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ తన ప్రవేశ పరీక్షను బీటెక్ వారినీ రాయనిస్తుంది. జెస్ట్ అనే మరో పరీక్ష ద్వారా ఇంకొన్ని సంస్థలు తీసుకుంటాయి. అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ స్వయంగా చదవాలి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకూడదు. సిలబస్‌లో లెక్కలు, విద్యుదయస్కాంతత్వం, ఎలక్ట్రానిక్స్ ఆమెకు ఇప్పటికే వచ్చు. రానివి క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్, క్లాసికల్ మెకానిక్స్. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలతో, శ్రద్ధగా చదివితే ఏడాదిలో పట్టు చిక్కుతుంది. వారాంతాల్లో మాత్రమే చదివితే చిక్కదు.

ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే, నేను పిల్లను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను: ప్రయోగం ఏం కనిపెట్టాలో నిర్ణయించే చోట నువ్వు ఉండాలా, లేక బోర్డు అద్భుతంగా పనిచేస్తే నీకు చాలా? బోర్డు పనిచేస్తే చాలనుకుంటే పదేళ్ల దారి అక్కర్లేదు, ఇంజినీరు దారే హాయి. నిజంగా ఆ నిర్ణయించే చోటే కావాలంటే, మధ్యలో ఎన్ని మంచి ఉద్యోగాలు వచ్చినా ఆ కోరిక ఆమెను వదలదు. అప్పుడు మీరు ఆపినా మూడేళ్ల తర్వాత ఉద్యోగం మానేసి మళ్లీ అదే మాట అంటుంది. అప్పటికి సిలబస్ మరిచిపోయి ఉంటుంది.

డబ్బు గురించి మీరు నేరుగా అడగలేదు గానీ, రిటైర్మెంట్ సంగతి రాశారంటే మనసులో ఉన్నది అదే. పీహెచ్‌డీకి తల్లిదండ్రులు ఖర్చు పెట్టనక్కర్లేదు. సీఎస్ఐఆర్, యూజీసీ జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) కింద 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు ఇస్తున్నారు. హెచ్‌ఆర్‌ఏ లేదా హాస్టల్ అదనం. ఆమె ఖర్చులు ఆమె చూసుకోగలదు, కానీ ఇంటికి డబ్బు పంపే స్థితిలో ఉండదు. అదే సమయంలో ఆమె స్నేహితులు ఐటీలో రెట్టింపు, మూడు రెట్లు సంపాదిస్తుంటారు. బాబు ఇంజినీరింగ్ ఫీజు, మీ ఇంటి లోను ఏదైనా ఉంటే అది, ఆమె జీతం లేకుండానే గడుస్తాయా అని ఒక కాగితం మీద వేసి చూడండి. ఆ లెక్క ఆమె ముందే వేయండి. గడవదంటే ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లడం సిగ్గుపడాల్సిన పని కాదు. జామ్‌కు వయసు పరిమితి లేదు.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు, తర్వాత పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో, ఒకటో రెండో చోట్ల మరో మూడు నుంచి ఐదేళ్లు. ఆ పోస్ట్‌డాక్ తరచుగా విదేశంలో ఉంటుంది. పెళ్లి సంగతి ఆలోచించే వయసు కూడా ఇదే. దీనికి నా దగ్గర సూత్రం ఏమీ లేదు. సంబంధం చూసేటప్పుడు ఆమె పని ఎలాంటిదో, ఎక్కడెక్కడ ఉండాల్సి వస్తుందో అవతలివాళ్లకు మొదటి మాటలోనే చెప్పండి. దాచి చేసిన పెళ్లిళ్లలోనే చదువులు ఆగిపోతాయి.

ఇంకో కష్టం కూడా చెప్పాలి. ఈ రంగంలో ప్రాజెక్టులు మనిషి ఉద్యోగ జీవితం కంటే పొడవుగా ఉంటాయి, కొన్ని ఆగిపోతాయి. 1965లో కోలార్ బంగారు గనుల్లో 2 కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల (దాదాపు దేన్నైనా దాటిపోయే సూక్ష్మ కణాల) జాడను ప్రపంచంలో మొదట పట్టిన వాళ్లలో మన శాస్త్రవేత్తలున్నారు. ఆ వారసత్వంతోనే తమిళనాడులోని తేని జిల్లాలో కొండ లోపల న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలనుకున్నారు. 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుము, దాని పొరల మధ్య వేల కొద్దీ ఆర్‌పీసీలు. 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది కూడా. స్థానికుల వ్యతిరేకత, అనుమతుల చిక్కులతో అది ముందుకు సాగలేదు. మదురైలో 85 టన్నుల చిన్న నమూనా మాత్రం నడిచింది. దాని మీద పీహెచ్‌డీలు చేసిన పిల్లల విద్య వృథా కాలేదు, ఎందుకంటే ఆర్‌పీసీ కట్టడం వచ్చినవాళ్లు ఇంకో డిటెక్టరూ కట్టగలరు. అందుకే గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ప్రాజెక్టు పేరు కంటే, ఆ ల్యాబులో విద్యార్థులు స్వయంగా పరికరం ముట్టుకుంటున్నారా, లేక ఎక్కడి నుంచో వచ్చిన డేటాను కంప్యూటర్‌లో విశ్లేషించడమేనా అని చూడాలి. డేటా విశ్లేషణ గొప్ప పనే. కానీ మీ అమ్మాయి కోరుకున్నది అది కాదు.

ఉద్యోగాల విషయం. టీఐఎఫ్‌ఆర్, బార్క్, కోల్‌కతాలోని వీఈసీసీ, సాహా ఇన్‌స్టిట్యూట్, భువనేశ్వర్‌లోని నైసర్, ఐఐటీలు, ఐసర్‌లు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు: పర్మనెంట్ పోస్టులు ఉండేది ఇలాంటి చోట్లే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ చేసిన అందరికీ ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2017లో భారత్ సెర్న్‌కు అసోసియేట్ సభ్యదేశం అయ్యాక అక్కడి నిర్ణీత కాలపు ఉద్యోగాలకు మనవాళ్లూ దరఖాస్తు చేయగలుగుతున్నారు. అక్కడా పోటీ తీవ్రమే.

అయితే డిటెక్టర్ పని నేర్చినవాళ్లు బయటికి వచ్చినా ఖాళీగా కూర్చోరు. సిద్ధాంతం మీద మాత్రమే పనిచేసిన వారికంటే వీళ్లకు ఈ వెసులుబాటు ఎక్కువని నా అభిప్రాయం. ఆసుపత్రిలో పెట్ స్కాన్ యంత్రం చేసేది కణ డిటెక్టర్ పనే: శరీరంలోంచి ఎదురెదురు దిశల్లో వచ్చే రెండు గామా కిరణాలను స్ఫటికాల్లో పట్టి, అవి ఒకే క్షణంలో వచ్చాయో లేదో చూస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల రేడియేషన్ పరికరాలు, అంతరిక్ష పరికరాలు, చిప్ పరీక్షలు, ఎఫ్‌పీజీఏ డిజైన్... మన నగరంలోనే ఈసీఐఎల్ ఉంది, ఎఫ్‌పీజీఏలు చేసే ఏఎమ్‌డీకి పెద్ద కేంద్రం ఉంది.

రేడియేషన్ భయం గురించి. డిటెక్టర్ రేడియేషన్ పుట్టించదు, వచ్చినదాన్ని పసిగడుతుంది. మ్యూఆన్లు ఆమె ల్యాబులో ఉన్నా ఉప్పల్‌లో ఉన్నా ఒకేలా పడతాయి. పరీక్షల కోసం చిన్న రేడియోధార్మిక సోర్సులు వాడతారు. వాటికి లెక్కాపత్రం ఉంటుంది. వృత్తిపరంగా రేడియేషన్ దగ్గర పనిచేసేవారికి అణుశక్తి నియంత్రణ మండలి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌ల పరిమితి పెట్టింది. గర్భిణులకు నిబంధనలు ఇంకా కఠినం. ఆర్‌పీసీ ల్యాబులో నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది 10 వేల వోల్టుల గురించి, గ్యాస్ మిశ్రమంలో కొద్దిగా వాడే ఐసోబ్యూటేన్ గురించి. అది మండే గ్యాస్. నియమాలు పాటించే గైడ్ దగ్గర ఉంటే ఇవేవీ భయపడాల్సినవి కావు.

మరి ఇప్పుడు ఏం చేయాలి? ప్లేస్‌మెంట్లు మానేయమని నేను చెప్పను. వాటికి కూర్చోనివ్వండి. కానీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును మాత్రం కొనుక్కోకుండా, స్నేహితుల రిపోర్టు తిరగరాయకుండా, తన చేత్తో ఒక మ్యూఆన్ డిటెక్టర్ కట్టమనండి. అమెరికాలోని ఎంఐటీ వాళ్లు కాస్మిక్ వాచ్ అనే డిజైన్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. కణం దూరితే మెరిసే ఒక ప్లాస్టిక్ సింటిలేటర్ ముక్క, ఆ మెరుపును పట్టడానికి దానికి అతికించిన సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ సెన్సర్, ఆర్డినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. భాగాల ఖర్చు ఒక్కోదానికి సుమారు వంద డాలర్లని వాళ్ల అంచనా. సెన్సర్‌ను విదేశాల నుంచి తెప్పించుకోవాలి కాబట్టి మనకు ఇంకొంచెం ఎక్కువ అవుతుంది. రెండు కట్టి ఒకదానిపై ఒకటి పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి సిగ్నల్ వచ్చినప్పుడే లెక్కపెట్టాలి. తర్వాత వాటిని కొద్దికొద్దిగా వంచుతూ లెక్క ఎలా తగ్గుతుందో చూడాలి. నిట్టనిలువుగా ఉన్నప్పుడు ఎక్కువ, వంపు పెరిగేకొద్దీ కొసైన్ వర్గం చొప్పున తగ్గాలి. గ్రాఫ్ మొదటిసారి అలా రాదు. ఎందుకు రాలేదో వెతికే ఆ వారాల్లో ఆమె ముఖం చూడండి. విసుగుతో పక్కన పెట్టేస్తే ఆమెకు నచ్చింది ఫిజిక్స్ గురించిన మాటలే, ఈ పని కాదు. అన్నం చల్లారిపోతున్నా, సిగ్నల్‌ను తెర మీద చూపే ఆసిల్లోస్కోప్ ముందు నుంచి లేవకపోతే, మీరు నాకు మళ్లీ రాయనక్కర్లేదు.

వేసవిలో ఎక్కడైనా ల్యాబులో ఉండే అవకాశం కోసం కూడా ప్రయత్నించాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో కణ భౌతిక శాస్త్ర బృందాలున్నాయి. రెండూ అమెరికా ఫెర్మీల్యాబ్‌లోని నోవా న్యూట్రినో ప్రయోగంలో భాగస్వాములు. ఐఐటీ హైదరాబాద్ జపాన్‌లోని బెల్ 2 ప్రయోగంలో కూడా ఉంది. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్, టీఐఎఫ్‌ఆర్ వేసవి కార్యక్రమం కూడా చూడమనండి. ప్రొఫెసర్లకు ఈమెయిల్ రాసేటప్పుడు యాభై మందికి ఒకే ఉత్తరం పంపవద్దు. ముగ్గురిని ఎంచుకుని, వాళ్ల ఇటీవలి పేపర్లలో ఒకటి నిజంగా చదివి, తనకు ఏం వచ్చో నాలుగు వాక్యాల్లో రాయాలి: సోల్డరింగ్ వచ్చు, వెరిలాగ్ వచ్చు, సీ ప్లస్ ప్లస్ కొంచెం వచ్చు, క్వాంటమ్ ఇప్పుడు చదువుతున్నాను అని. తన ప్రాజెక్టు గ్రాఫ్ ఒకటి జతచేస్తే మరీ మంచిది. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒకసారి గుర్తుచేయాలి.

గేట్, జామ్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, అక్టోబరు మధ్యలో వస్తాయి, పరీక్షలు ఫిబ్రవరిలో. టీఐఎఫ్‌ఆర్ పరీక్ష డిసెంబరులో ఉంటుంది. బీటెక్ మూడో ఏడాది నుంచే గేట్ రాయవచ్చు. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి మొదటి దారి తెరిచే ఉంటుంది. ఫీజు కట్టేటప్పుడు గేట్‌కు ఈసీఈ పేపర్, జామ్‌కు ఫిజిక్స్ పేపర్ ఎంచుకోమనండి.